కంపన పరికరం కొనే ముందు ఒక మాట

గౌరవనీయులైన సంపాదకులకు,

పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారు రోజుకు 20 నిమిషాలు కంపించే పరికరాన్ని పళ్ళతో కరిచి పట్టుకుంటే చికిత్స నెలల ముందే పూర్తవుతుందని కొందరు ఇప్పటికీ చెబుతున్నారు. ఆ మాట నమ్మి మా అమ్మాయికి అలాంటి పరికరం కొన్న తల్లిగా, ఆ తరువాత ఈ విషయంపై వెలువడిన పరిశోధనలను ఓపికగా చదివిన పాఠకురాలిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆలోచన ఆధారం లేకుండా పుట్టింది కాదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ నడుమ సన్నని స్నాయువు ఉంటుంది. వైరు పంటిని ఒక పక్కకు నెట్టినప్పుడు ఒత్తిడి పడిన వైపు ఎముకను ఆస్టియోక్లాస్టులనే కణాలు కరిగిస్తాయి, స్నాయువు సాగిన వైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను కడతాయి. ఇది నిదానంగా సాగే పని కనుకనే పన్ను సాధారణంగా నెలకు ఒక మిల్లీమీటరు జరగడమే ఎక్కువ. కంపనం ఈ కణాలను చురుకుగా పనిచేయిస్తుందని ఆశించారు. 2008లో ఎలుకలపై జరిపిన ఒక ప్రయోగంలో పళ్ళు సుమారు 15 శాతం ఎక్కువ కదిలాయి కూడా. అయితే 2014లో ఎలుకల మీదే చేసిన మరో ప్రయోగంలో కంపనం వల్ల కదలిక తగ్గింది. నాకిచ్చిన కరపత్రంలో మొదటిది మాత్రమే ఉంది.

మనుషుల విషయంలో బాగా ప్రచారం పొందిన పరికరం యాక్సిలడెంట్. అది సెకనుకు 30 సార్లు, 0.25 న్యూటన్ల బలంతో కంపిస్తుంది. తయారీదారుల ఆర్థిక సాయంతో 45 మందిపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనం, కంపనం పొందినవారి పళ్ళు నెలకు 1.16 మిల్లీమీటర్లు, మిగతావారివి 0.79 మిల్లీమీటర్లు కదిలాయని చెప్పింది. అదే ఏడాది బ్రిటన్‌లో 81 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు పరికరాన్ని, రెండో జట్టుకు చూడడానికి అలాగే ఉండి కంపించని పరికరాన్ని, మూడో జట్టుకు క్లిప్పులు మాత్రమే ఇచ్చి పరిశీలిస్తే, పళ్ళు వరుసకు రావడంలో తేడా ఏమీ కనిపించలేదు, నొప్పిలోనూ కనిపించలేదు. 2018లో ఆ రోగులనే చికిత్స చివరిదాకా గమనించి చూసినా, పన్ను తీసిన ఖాళీ పూడడంలోగాని మొత్తం కాలంలోగాని మార్పు లేదని తేలింది. కంపించని పరికరం ఇవ్వడంలోనే ఈ పరీక్ష విలువ ఉందని నా అభిప్రాయం. ఎందుకంటే రోజూ శ్రద్ధగా ఏదో ఒకటి వాడుతున్న పిల్లలు డాక్టరు చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్ళడం, రబ్బరు బ్యాండ్లు మరిచిపోకపోవడం సహజం, ఆ మేలంతా పరికరం ఖాతాలో పడిపోతుంది.

మా అమ్మాయి రాత్రిపూట చదువుకుంటూ ఆ ముక్కను కరిచి కూర్చునేది. చొల్లు కారకుండా గడ్డం కింద తువ్వాలు పెట్టుకునేది, ఏదైనా అడిగితే వేళ్ళతో ఇంకా ఎన్ని నిమిషాలో చూపించేది. మానేసిన రాత్రులు చాలా తక్కువ. అయినా పరికరం లేకపోతే పడుతుందని మొదట చెప్పిన రెండేళ్ళూ పట్టాయి. ఒక్క పిల్ల అనుభవం రుజువు కాదని నాకు తెలుసు, కానీ పెద్ద పరీక్షలు చెప్పిందీ అదే.

ఈ పరికరం వల్ల పెద్దగా హాని జరిగిందని ఎవరూ చెప్పలేదు. నా బాధ డబ్బు గురించి, అంతకు మించి పిల్లకు ఇచ్చిన మాట గురించి. దీన్ని సూచించే డాక్టర్లు బ్రిటన్ ఫలితాలను కూడా కొనకముందే తల్లిదండ్రులకు చెప్పాలని, ఇలాంటి వార్తలు ప్రచురించేటప్పుడు ఆ అధ్యయనానికి ఖర్చు ఎవరు భరించారో, కంపించని పరికరంతో పోల్చారో లేదో మీరు తప్పక రాయాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు