శీనుగాడికి, ఆ నల్లరంగు సంగతి

ఒరేయ్ శీనూ,

ఫోటో చూసి ముందు నువ్వని గుర్తుపట్టలేదురా! కళ్లు వాచి, చెవుల వెనక అంతా పొక్కులు. పదేళ్లుగా జుట్టుకి వేసుకుంటున్న రంగే కదా అన్నావు. అదే తిరకాసు. ఈ ఎలర్జీ మొదటిరోజే రావాలని లేదు, ఏళ్లు వాడాక ఒకరోజు మొదలవుతుంది, మొదలయ్యాక మాత్రం వదలదు.

రంగు పెట్టె మీద సన్న అక్షరాల్లో పారా ఫినిలీన్ డయమీన్ అని ఒక రసాయనం పేరు ఉంటుంది, చూడు. ఇంటర్‌లో సారు ఆరు కార్బన్ల బెంజీన్ వలయం గీసి ఆర్థో, మెటా, పారా అంటుంటే వెనక బెంచీలో నిద్రపోయావే, ఆ పారానే ఇప్పుడు నీ నెత్తికెక్కింది. వలయానికి రెండు అమైన్ గ్రూపులు, అంటే నైట్రోజన్ ఉన్న గుంపులు: పక్కపక్కనే ఉంటే ఆర్థో, మధ్యలో ఒకటి వదిలేస్తే మెటా, ఎదురెదురుగా ఉంటే పారా. ముగ్గురి అణుభారం 108 అయినా మెటా 65 డిగ్రీలకే కరుగుతుంది, ఆర్థో 103కి, పారాకి 140 దాటాలి. మెటాతో మంటలు తట్టుకునే నోమెక్స్ బట్ట, పారాతో బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల కెవ్లార్ చేస్తారు. విషం మాత్రం మూడింట్లోనూ ఉంది.

తమాషా ఏంటంటే స్వచ్ఛమైన పారా తెల్లగా ఉంటుంది. నువ్వు కలిపే పెరాక్సైడ్ దాన్ని వెంట్రుక లోపల ఆక్సీకరణ చేస్తే, చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద నల్లటి అణువులై బయటికి రాలేక అక్కడే ఉండిపోతాయి. అందుకే తలంటుకున్నా పోదు. ఐరోపాలో, పెరాక్సైడ్ కలిపాక తలమీద పారా 2 శాతం దాటకూడదని నియమం. 1930ల్లో అమెరికాలో ఇదే సరుకున్న కనురెప్పల రంగు వేసుకుని కొందరి చూపు పోయింది కూడా.

కడుపులోకి పోతే ఇంకా ఘోరం. గంటల్లో గొంతు వాచి ఊపిరాడదు, తర్వాత కండరాలు దెబ్బతిని మూత్రం ముదురు గోధుమరంగుకి మారి కిడ్నీల మీద పడుతుంది. విరుగుడంటూ ప్రత్యేకంగా లేదు. మన ఆస్పత్రుల డాక్టర్లకి ఈ కేసులు కొత్త కాదు. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పైఅరలో పెట్టి తాళం వెయ్యి, పొరపాటున ఎవరైనా మింగితే వాపు వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి.

ఇక 'నేచురల్ బ్లాక్ హెన్నా'కి మారతానన్నావే, ఆ మాట మానెయ్. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండిందంటే చాలాసార్లు అందులో పారా కలిపినట్టే. స్కిన్ డాక్టర్ దగ్గరికి ఆ పెట్టె పట్టుకెళ్లు. మత్తుమందు బెంజోకైన్, కొన్ని సల్ఫా మందులు కూడా ఇలాంటివాళ్లకి పడకపోవచ్చు, ఆ విషయం అడుగు. వాపు కంటి నుంచి గొంతుకి దిగినట్టనిపిస్తే నాకు మెసేజ్ పెడుతూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లు.

నీ
రాజు