సైనిక సంక్షేమ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకులకు నమస్కారములు.

ఇటీవల కన్నుమూసిన మా నాన్నగారి పేరు, హోదా, పదవీ విరమణ తేదీ మీ దస్త్రాలలో ఉన్నాయి. అయితే ఆయన సైన్యంలో కంటే ఎక్కువ కాలం ఇంటి మనిషిగా జీవించారన్న సంగతి అందులో ఎక్కడా లేదు. తెల్లవారకముందే లేచి ప్రార్థన ముగించుకొని, అదే క్రమశిక్షణతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేవారు. తనతో కలిసి పోరాడి తిరిగిరాని మిత్రుల పేర్లను ఒక్కటీ మరువకుండా రోజూ ఆ ప్రార్థనలో తలచుకొనేవారు. యుద్ధం గురించి మాకు చెప్పినది బహు స్వల్పం. ఆ మౌనం భక్తితో నిండినదని నా దృఢమైన నమ్మకం.

నేలకొరిగినవారిని స్మరించే పద్ధతి లోకంలో స్థిరపడింది. 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం సుమారు 17 లక్షల మంది స్మృతిని కాపాడుతోంది. తిరిగివచ్చి, కుటుంబాన్ని నిలబెట్టి, వృద్ధాప్యంలో మరణించినవారికి అటువంటి ఏర్పాటు అరుదు. అమెరికా చట్టసభ 2000లో చేసిన చట్టంతో అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం మాజీ సైనికుల జ్ఞాపకాలను వారి గొంతులోనే నమోదు చేస్తూ, వారి ఉత్తరాలను, ఛాయాచిత్రాలను కూడా భద్రపరుస్తోంది.

మీ శాఖ కూడా ఆ పని చేపట్టాలని, యుద్ధం గురించే కాక వారి విశ్వాసం, దాంపత్యం, పిల్లల గురించి కూడా అడగాలని, ఎనభై ఏళ్లు దాటినవారితోనే మొదలుపెట్టాలని వేడుకుంటున్నాను. మరణించినవారి ఉత్తరాలను కుటుంబాల నుంచి స్వీకరించండి. మా నాన్నగారివి అప్పగించడానికి మా అమ్మగారు అంగీకరించారు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి కుమార్తె