ఫోల్డర్లకు మార్కులేవీ?

సంపాదకులకు నమస్కారం.

పైథాన్ నేర్చుకుంటే ఉద్యోగాలు వస్తాయని మీ చదువుల పేజీలో తరచూ రాస్తున్నారు. రాయండి, తప్పులేదు. డిగ్రీ ప్రాజెక్టుల వైవాకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లే అధ్యాపకురాలిగా నాదొక ఫిర్యాదు: ఆ ప్రాజెక్టుల్లో ఏ ఫైలు ఎక్కడ ఉండాలో పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగో. దానితో చేసిన లైబ్రరీ ప్రాజెక్టునే తీసుకోండి. పుస్తకాలకో యాప్ (సైట్‌లో ఒక భాగం), సభ్యులకో యాప్. రెండింటిలోనూ పేజీల రూపం దాచే టెంప్లేట్స్ ఫోల్డరు, రెండింటిలోనూ ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్. సభ్యుల జాబితా నొక్కితే పుస్తకాల జాబితా తెరుచుకుంటుంది. పిల్లవాడు ఏ పేజీ చూపాలో చెప్పే వ్యూ ఫంక్షన్ తిరగేస్తూ చెమటలు కక్కుతాడు. తప్పు అక్కడ లేదు. సెట్టింగ్స్‌లో యాప్‌లు రాసిన వరుసలోనే జాంగో వెతుక్కుంటూ పోయి, ఆ పేరుతో మొదట దొరికిన ఫైలును తీసేసుకుంటుంది. అందుకే టెంప్లేట్స్ లోపల మళ్లీ యాప్ పేరుతోనే ఇంకో ఫోల్డరు పెట్టి, ఫైలును అందులో ఉంచాలి. ఇంటిపేరు రెండుసార్లు రాసినట్టు ఉంటుంది గానీ, ఆ రెండోదే మనిషిని పట్టిస్తుంది. పేజీల రంగులూ హంగులూ చెప్పే సీఎస్ఎస్ ఫైళ్లుండే స్టాటిక్ ఫోల్డరుకూ ఇదే పద్ధతి.

నాకు ఇంకా ఒళ్లు మండేది సైట్ నిర్వాహకులు వాడే అడ్మిన్ పేజీ దగ్గర. పైన ‘జాంగో అడ్మినిస్ట్రేషన్’ బదులు కాలేజీ పేరు కనబడాలని, జాంగోను ఎక్కించిన సైట్ ప్యాకేజెస్ ఫోల్డర్‌లో దూరి జాంగో సొంత ఫైలునే దిద్దేస్తారు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది. ల్యాబ్ కంప్యూటర్‌లో జాంగో కొత్తగా ఎక్కించగానే కాలేజీ పేరు మాయం! ప్రాజెక్టు పై ఫోల్డరులో టెంప్లేట్స్, దాన్లో అడ్మిన్, దాన్లో బేస్ అండర్‌స్కోర్ సైట్ ఫైలు తమదొకటి పెట్టుకుని, ఆ టెంప్లేట్స్ దారిని సెట్టింగ్స్‌లోని ‘డిర్స్’లో రాస్తే చాలు. యాప్‌ల కన్నా ముందు జాంగో అక్కడే చూస్తుంది.

ఇక తప్పుల వివరాలు చూపే డీబగ్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేయగానే రంగులన్నీ పోయి పేజీ తెల్లబోవడం మామూలే. జాంగోతో పాటే వచ్చే పరీక్షా సర్వర్ రన్‌సర్వర్ అప్పుడు స్టాటిక్ ఫైళ్లు ఇవ్వదు. కలెక్ట్‌స్టాటిక్ అనే ఆదేశంతో అన్నిటినీ ఒకచోటికి చేర్చి, వాటిని వెబ్ సర్వర్‌కు అప్పగించాలి. ఈ ముక్క ల్యాబ్ మాన్యువల్‌లో ఉంటే ఎంత బాగుండు.

అన్నట్టు, జాంగో పుట్టింది మీలాంటి వాళ్ల దగ్గరే. అమెరికాలోని కాన్సస్‌లో లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే దినపత్రికకు పనిచేసే వెబ్ బృందం తయారుచేసి, 2005లో అందరికీ ఇచ్చింది. పేజీ రూపం దిద్దేవాళ్లు పైథాన్ జోలికి పోనక్కర్లేకుండానే టెంప్లేట్లను విడిగా పెట్టారు. మన పిల్లలేమో స్టైల్ లైన్లన్నీ ప్రతి పేజీ నెత్తినా అతికిస్తారు.

ప్రాజెక్టు రికార్డుల్లో స్క్రీన్‌షాట్లు బోలెడు ఉంటాయి. అందులో ఒక పేజీ తగ్గించి ఫోల్డర్ల అమరికను ముద్రించాలనీ, దానికి ఐదు మార్కులైనా కేటాయించాలనీ విశ్వవిద్యాలయాల పాఠ్య మండళ్లను కోరుతున్నాను. మీరు ఈసారి జాంగో గురించి రాస్తే, జీతాల పట్టిక పక్కన ఆ అమరిక బొమ్మ కూడా వేయండి.

— ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు, తెనాలి