తారు రోడ్డుకు అంత సెగ ఎందుకు, మంత్రి గారూ?

గౌరవనీయులైన రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి,
అనంతపురం నుంచి నమస్కారాలు.

వానలు పడేలోపు ముగించాలని మా వైపు తారు పనులన్నీ ఎండాకాలంలోనే మీద పెట్టుకుంటారు. బయట 42 డిగ్రీల ఎండ. టిప్పర్ నుంచి, రోడ్డు మీద పరిచే యంత్రమైన పేవర్‌లో పడే తారు కంకర 140 డిగ్రీలకు తగ్గకూడదని నిబంధన. పేవర్ వెనకాల పారలతో అంచులు సర్దే కూలీలను ఒకసారి దగ్గర నిలబడి చూడండి. కాళ్లకు గోనెపట్టాలు, మొహానికి తువ్వాలు. ఆ తువ్వాలు పొగను ఏం ఆపుతుంది?

తక్కువ వేడితోనే తారు, కంకర కలిపే వార్మ్ మిక్స్ పద్ధతిలో ఈ సెగ తగ్గుతుంది. హాట్ మిక్స్ ప్లాంటులో మిశ్రమాన్ని 150 నుంచి 165 డిగ్రీల దాకా వేడి చేస్తారు. తారులో తగిన రసాయనమో, మైనమో కలిపినా, కొద్దిగా నీళ్లతో నురగ తెప్పించినా అంతకంటే 20 నుంచి 40 డిగ్రీలు తక్కువలోనే అది కంకరకు బాగా పడుతుంది. ఆ మేరకు బర్నర్‌లో కాలే ఆయిల్ మిగులుతుంది, పొగా తగ్గుతుంది. ఇదేమీ గాలిలో మాట కాదు. ఐరోపాలో 1990లలోనే మొదలైంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చి, 2019లో వాటిని సవరించింది కూడా.

అయితే ఎస్టిమేటులో లేనిది ఏ కాంట్రాక్టరూ వేయడు. రసాయనం ఖర్చు సొంత జేబులోంచి ఎందుకు పెట్టుకుంటాడు? ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు చొరవ తీసుకుని రాద్దామన్నా రేపు ఆడిట్‌లో ఏమంటారోనని ఆయన టెన్షన్ ఆయనది. కాబట్టి రేట్ల పట్టికలో, టెండరులో దీన్ని మీరే ఐటమ్‌గా చేర్పించాలి.

కళ్లు మూసుకుని వేసేయమనడం లేదు. వేడి తగ్గితే కంకరలో తడి మిగిలి తారు ఊడిపోయే ప్రమాదం ఉంది. వాన ముఖం అరుదుగా చూసే మా జిల్లాలో ఆ భయం కొంత తక్కువే. కరువు మాకు పనికొచ్చేది ఇక్కడొక్కచోటే! నా అనుమానమల్లా రెండోదాని మీద. తక్కువ వేడి చూసిన తారు మొదట్లో కాస్త మెత్తగా ఉంటుంది. మా ఎండకు, తాడిపత్రి వైపు తిరిగే సిమెంటు లారీల బరువుకు రోడ్డు మీద చక్రాల గాడులు పడవచ్చు. ల్యాబులో ఆ పరీక్ష నెగ్గాకే రోడ్డు మీదికి తేవాలి.

ముందుగా ఒకే రోడ్డులో ఒక కిలోమీటరు మామూలుగా, పక్క కిలోమీటరు వార్మ్ మిక్స్‌తో, ఒకే కాంట్రాక్టరు చేత వేయించండి. రెండు ఎండాకాలాలు గడిచాక గాడుల లోతు కొలిపించండి. ప్లాంటులో దేనికెంత ఆయిల్ కాలిందో రిజిస్టర్‌లో రాయించి, ఆ లెక్కలు కర్నూలు, కడప ఇంజినీర్లకూ పంపండి.

ఇట్లు,
అనంతపురం వాసి