కాశీకి రెండోసారి
సభ్యులందరికీ నమస్కారం. 2014లో ఇరుకు సందుల్లో దారి అడుగుతూ విశ్వనాథుని గుడి చేరుకున్న నాకు, 2021 డిసెంబరులో ప్రారంభమైన కారిడార్ గుండా ఈసారి గంగ ఒడ్డు నుంచి నేరుగా ఆలయ ప్రాంగణంలోకి నడవడం సౌకర్యంగానూ, నిజం చెప్పాలంటే కొంత వెలితిగానూ అనిపించింది. మణికర్ణిక వైపు తిరిగితే మాత్రం చితికట్టెల గుట్టల పక్కన టీ కొట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ఇక్కడ ఉత్తరానికి ప్రవహించే గంగకు పడమటి ఒడ్డునే పాత ఘాట్లు ఉన్నందువల్ల సూర్యోదయం ఎదురుగా కనిపిస్తుంది. ఆ వేళ కేదార్ ఘాట్ మెట్ల మీద తెలుగు మాటలు వినిపించి ప్రాణం లేచివచ్చింది. వానాకాలంలో వరదకు మెట్లు మునిగి పడవలు ఆపేస్తారు కనుక, వెళ్ళదలచినవారు కార్తిక పౌర్ణమి రద్దీ తగ్గాక బయలుదేరగలరు.