శ్మశానం దారి నక్షాలో మాత్రమే ఉంది

సంపాదకులు గారికి,

డిసెంబరు 26 నాటి మీ పత్రిక జిల్లా పేజీలో మా ఊరి చర్చి క్రిస్మస్ ఫొటో వేసినందుకు ముందుగా కృతజ్ఞతలు. 'క్రీస్తు బోధనలు అనుసరణీయం' అనే ఆ శీర్షిక కిందటేడూ అదే, అంతకు ముందేడూ అదే. కేకు కోస్తున్న నాయకుడి ముఖం ఒక్కటే ఎన్నికల తరువాత మారింది. ఆయన రాక కోసం ఆరాధన గంటన్నర ఆలస్యంగా మొదలైందనీ, చివరికి వాక్యం చెప్పడానికి పాస్టరుగారికి పావుగంట కూడా మిగల్లేదనీ మీ విలేకరి రాయలేదు. శ్మశానానికి దారి వేయిస్తానని ఆయన మైకులో ఇచ్చిన మాట కూడా రాయలేదు. ఏటా వినే మాటే గనుక అది వార్త కాదనుకుని ఉంటారు.

పైగా మాది 'ఇటీవల వెలసిన ప్రార్థనా మందిరం' అని రాశారు. కొత్తవి పైన రేకులే, సంఘం కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నెల్లూరు చేరింది 1840లో; ఒంగోలు ప్రార్థన కొండ మీద తొలి ప్రార్థన జరిగింది 1854 జనవరి 1 తెల్లవారుజామున. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించారు. కరువు సాయం కోసం చేరారనే మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపి ఉంచి, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. జిల్లా విలేకరికి ఈ మాత్రం తెలిసి ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక పండుగ మర్నాటి సంగతి. హైదరాబాదు, బెంగుళూరు నుంచి వచ్చిన మా పిల్లలు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిలు వాక్యం ఉన్న వాగ్దానపు కార్డు తీసుకుని, సంక్రాంతి లోపే మళ్లీ బస్సెక్కేస్తారు. తరువాత బల్లల మీద కనిపించేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, చిన్నపిల్లలు. పొగాకు బ్యారన్ల పని జోరు మీద ఉండే నెలల్లో ఆదివారం ఆరాధనను తెల్లవారుజాముకు మార్చుకుంటాం, ఎందుకంటే ఆరాధనకు వచ్చారని కూలి ఎవరూ ఇవ్వరు. ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో వంతులవారీగా ఇంటింటా ప్రార్థన, మంచి శుక్రవారం సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ధ్యానం, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు బైబిలు తరగతులు, ఇవన్నీ ఏ ఫొటోగ్రాఫరూ రాకుండానే జరిగిపోతాయి. ప్రభుత్వం పాస్టర్లకు ప్రకటించిన నెలకు 5 వేల గౌరవ వేతనం గురించి మీ వార్తలో ఒక పేరా ఉంది. అది మా పాస్టరుగారికి రాదు. ఆయన ఇంటి పొయ్యి వెలిగేది మా ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసే ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యంతో. కోతల పండుగ నాడు పాదున కాసిన సొరకాయ, కోడిపుంజు, కందుల మూట బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం పాడతాం. పోయినేడు ఒక ముసలమ్మ తెచ్చిన సొరకాయను ఒకాయన మూడు వందలకు పాడి, డబ్బు చేతిలో పెట్టి, కాయను మళ్లీ బల్ల మీదే పెట్టాడు. అది ఇంకో రెండుసార్లు వేలానికి వచ్చింది. ఆ సంవత్సరం కరెంటు బిల్లు బకాయి అలా తీరింది. మేము ప్రభుత్వాన్ని డబ్బు అడగడం లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అడుగుతున్నది దారి ఒక్కటే. అది గ్రామ నక్షాలో ఉంది, నేల మీద లేదు. పక్క పొలం రైతు ఏటా ఒక చాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చి, ఇప్పుడు సమాధుల గోడ దాకా కంది వేశాడు. ఇక మిగిలింది వాగు గట్టు. ఈ నవంబరు వానల్లో మా సంఘపెద్ద భార్య చనిపోతే, చెప్పులు గట్టున వదిలి, మోకాళ్లు దాటిన నీళ్లలో పెట్టెను భుజాల మీదకెత్తి మోశారు. ముందున్న కుర్రవాడి కాలు బురదలో దిగబడి పెట్టె ఒక పక్కకు ఒరిగినప్పుడు, వెనక నడుస్తున్న ఆమె కొడుకు పెట్టిన కేక విన్నవాళ్లెవరూ మరచిపోలేదు.

అర్జీలకు కొదవ లేదు. 'మీ కోసం' అన్నప్పుడు ఇచ్చాం, 'స్పందన' అన్నప్పుడు ఇచ్చాం, ఇప్పుడు 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక' అంటే సోమవారం కూలి మానుకుని వెళ్లి అక్కడా ఇచ్చాం. ప్రభుత్వాలు వేదిక పేరు మార్చడంలో చూపే శ్రద్ధ అద్భుతం. మా కాగితం మాత్రం ఒక బల్ల దగ్గర ఆగిపోతుంది: 'మీది ఎస్సీ శ్మశానమా, క్రైస్తవ శ్మశానమా?' ఎస్సీ అంటే సర్టిఫికెట్లు తెమ్మంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా మారినవారు ఎస్సీలు కారు; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన ఆ ఉత్తర్వులో మాకు చోటు లేదు, మేము వెనుకబడిన తరగతుల జాబితాలో బీసీ-సీ. క్రైస్తవ శ్మశానమంటే మైనారిటీ సంక్షేమం వాళ్లను అడగమంటారు. వాళ్లు, భూమి సంగతి రెవెన్యూ చూడాలంటారు. ఆ శ్మశానంలో ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకరు సిలువ కింద, ఒకరు సిలువ లేకుండా, పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరినీ మోసుకొచ్చింది ఆ వాగు నీళ్లలోనే గనుక, ఏ శాఖ దారి వేసినా ఇద్దరికీ పనికొస్తుంది.

ఇంత దూరం వచ్చి కేకు కోసిన నాయకుడికి చర్చి నుంచి శ్మశానం కూతవేటు దూరమే. ఈస్టరు నాడు సంఘమంతా తెల్లవారకముందే సమాధుల దగ్గరకు వెళ్లి ఆరాధన చేయడం మా ఆనవాయితీ, దానికి ముందు వారం సున్నాలు కొట్టుకుంటాం. ఆ లోపల తహసీల్దారు గారు ఒక సర్వేయరును పంపి, నక్షా ప్రకారం దారికి రెండు వైపులా రాళ్లు పాతించాలనీ, వాగు మీద తూములు వేయించడానికి అంచనా రాయించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాము. సర్వేయరు గారు వచ్చే రోజు ఒక్కరోజు ముందు చెబితే, గొలుసు పట్టడానికి, రాళ్లు మోయడానికి మనుషులను మేమే పెడతాము.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు,
కొండపి ప్రాంతం, ప్రకాశం జిల్లా