పక్షి వీక్షణ నడకలు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

మన కాలనీ సంఘం తరఫున హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంలో ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం సాగుతున్న పక్షి వీక్షణ నడకల గురించి, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు గల వివరాలను ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాము. జూలై నడక వాన వల్ల ఆగిపోయింది. మిగిలినవన్నీ అనుకున్న రోజునే జరిగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తారు.

1998లో జాతీయ వనంగా ప్రకటితమైన ఈ అడవి సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు మించదు. నాలుగు వైపులా వాహనాల రొద వినిపిస్తూనే ఉంటుంది. అయినా నెమళ్ళు, కౌజులు, జెముడు కాకులు ఏడాది పొడుగునా మనకు కనిపించాయి. ఈ ఏడాది నడకలన్నిటిలోకీ మే నెల నడకను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెల్లవారుతూనే పొదల అడుగు నుంచి రెండు స్వరాల ఈల వినిపించింది. అందరం మాటలు మాని నిలబడ్డాక, ఎండుటాకుల మీద గెంతుతూ, ముక్కుతో ఒక్కో ఆకునూ తిరగేస్తూ పొన్నంకి పిట్ట బయటికి వచ్చింది. చలికాలమంతా దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడిపి, గూడు పెట్టుకోవడానికి మధ్య భారతం వైపు, హిమాలయ పాదాల వైపు రాత్రివేళల్లో ఎగిరిపోయే ఈ పక్షికి మన నగరం దారిలో ఒక మజిలీ మాత్రమే. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియ్యో ఈ పక్షుల ప్రజాతికి పెట్టిన 'పిట్టా' అనే పేరు మన తెలుగు మాటేనని చెప్పినప్పుడు, ఆ రోజు వచ్చిన పిల్లల ముఖాలు వెలిగిపోవడం మాకు ఇంకా గుర్తుంది.

ఆ పిట్టకు కావలసిన పురుగులూ వానపాములూ రాలిన ఆకుల కిందనే ఉంటాయి. ఈ సంగతి కళ్ళారా చూసిన తరువాతనే, మన కాలనీ పార్కులో ఏటా రాలిన వేపాకునూ కానుగ ఆకునూ పోగుచేసి కాల్చే అలవాటును మానుకోవాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చింది. ఆకులు పేరుకుంటే పాములు చేరతాయని కొందరు సభ్యులు వ్యక్తం చేసిన భయం సహేతుకమైనదే. అందువల్ల నడకదారినీ పిల్లల ఆటస్థలాన్నీ ఎప్పటిలాగే ఊడ్పించి, వెనుక గోడ వెంట ఉన్న చెట్ల కింద మాత్రమే ఆకులను అలాగే వదిలివేయాలని తీర్మానించాము. ఈ వేసవిలో కాలనీలో ఆకులకు నిప్పు పెట్టలేదు.

జూన్ నడకలో మావల్ల ఒక పొరపాటు జరిగింది. కొమ్మ మీద కూర్చున్న పక్షిని షిక్రా అనే చిన్న డేగగా, చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటు జాబితాలో రాశాము. అక్కడ వివరాలను పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్త ఒకరు అనుమానం తెలపగా, ఫోటోను మళ్ళీ చూస్తే డేగకుండే కొక్కెం లాంటి ముక్కు దానికి లేదు, కంటి చుట్టూ పసుపు వలయం ఉంది. అది డేగను పోలిన కోకిల జాతి పక్షి. ఈ పోలిక చూసి అనుభవజ్ఞులూ పొరబడతారంటారు. నమోదును వెంటనే సరిదిద్దాము. అప్పటినుంచి ఇద్దరు సభ్యులు ఒప్పుకున్న పక్షినే జాబితాలో చేరుస్తున్నాము.

ఫోన్‌లో పక్షి కూత వినిపించి దాన్ని బయటికి రప్పించే పద్ధతిని ఇకపై పూర్తిగా నిషేధించాము. తన హద్దులోకి మరో పక్షి వచ్చిందని భ్రమపడి, గూడు కట్టే కాలంలో అది మేత మాని కంగారుగా తిరుగుతుంది. ఫోటో కోసం దాన్ని అంత అలసట పెట్టడం న్యాయం కాదని మా దృఢాభిప్రాయం. నవంబరు నుంచి గుంపుకు పదిహేనుమంది మించకుండా రెండు జట్లుగా నడుస్తున్నాము.

2025 ఫిబ్రవరి 14 నుంచి 17 వరకు ప్రపంచమంతటా జరిగిన పక్షుల లెక్కింపులో మన పిల్లలు తమ మేడల మీద నుంచీ కాలనీ పార్కులోనూ పాల్గొన్నారు. అప్పుడు మొదలైన తెలుగు పేర్ల పుస్తకం ఇంకా నిండుతూనే ఉంది. తోక చీలిన నల్లపిట్టను ఒక పెద్దాయన ఏట్రింత అంటే, పసుల వీపునెక్కి తిరుగుతుంది గనుక తమ ఊళ్ళో దాన్ని పసుల పోలిగాడంటారని మరొకరు చెప్పారు. రెండు పేర్లనూ, చెప్పినవారి ఊళ్ళతో సహా, పుస్తకంలో రాసుకున్నాము. మీ ఇళ్ళలోని పెద్దలకు తెలిసిన పేర్లను కూడా దయచేసి తెలియజేయండి.

కొత్త సంవత్సరపు మొదటి నడక ఏప్రిల్ 13, ఆదివారం ఉదయం 6 గంటలకు వనం ప్రధాన ద్వారం వద్ద మొదలవుతుంది. సంఘం బైనాక్యులర్లు కావలసినవారు శుక్రవారంలోగా కార్యదర్శికి చెప్పగలరు. మేలో పొన్నంకి పిట్ట మళ్ళీ ఈ దారిన వచ్చే రోజుల్లో, రాత్రి ఎగిరే పక్షులు వెలుతురుకు దారితప్పి అద్దాలను ఢీకొనకుండా, అద్దాల కిటికీలున్న ఇళ్ళవారు రాత్రివేళ తెరలు వేసి ఉంచవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యవర్గం